నికా దగ్గర ఆగిపోయిన సమానత్వం: ముస్లిములలో కులం గురించి ఇస్లామీ అధ్యయనాలు

"ఇస్లాంలో కులం లేదు." ఈ మాట మనం సభల్లో, కరపత్రాల్లో, టీ కొట్ల దగ్గర చర్చల్లో ఎన్నోసార్లు విన్నాం. మసీదులో నవాబు పక్కన నౌకరు భుజానికి భుజం ఆనించి నమాజు చేస్తాడని ఉదాహరణ చెబుతారు. అంటరానితనం భరించలేక మతం మారిన తరాలకి ఆ మాటే ఆశ. ఆ ఆశని తేలిక చేసి మాట్లాడే హక్కు మనకి లేదు.

అయితే ఇదే మాట ఇంకో నోట వస్తే దాని అర్థం మారిపోతుంది. ముస్లిం, క్రైస్తవ దళితులకు షెడ్యూల్డు కులాల హోదా ఇవ్వాలా వద్దా అన్న కేసులో కేంద్ర ప్రభుత్వం 2022 నవంబరులో సుప్రీంకోర్టుకి చెప్పిన సారాంశం ఇదే: ఆ మతాలలో అలాంటి అణచివేత లేదు కాబట్టి ఆ హోదా అక్కర్లేదు అని. అంటే మౌల్వీ గర్వంగా చెప్పే వాక్యాన్నే ప్రభుత్వం తలుపు మూయడానికి వాడుకుంటోంది. మలం ఎత్తే మెహతర్ ఆ తలుపు బయటే నిలబడి ఉన్నాడు.

దీనికి జవాబుగా వినపడే రెండో మాట, "కులం ఉంది గానీ అది హిందువుల నుంచి అంటుకున్న జబ్బు" అనేది. ఇందులో కొంత నిజం ఉంది. కానీ ఇది కూడా లోపలి బాధ్యతని బయటికి తోసేస్తుంది. ఈ రెండు మాటల మధ్య అసలు సంగతి ఏమిటో తెలుసుకోవడానికి గత అరవై, డెబ్భై ఏళ్ళలో ఇస్లామీ చట్టం, చరిత్ర, విద్యల మీద జరిగిన పరిశోధన మనకి బాగా పనికొస్తుంది. అది ఎక్కువగా ఇంగ్లీషులో, ఉర్దూలో ఉండిపోయింది. అందులో మనకి కావలసిన నాలుగు విషయాలు ఇక్కడ చెప్పుకుందాం.

చట్టం: కుఫూ అంటే ఏమిటి?

ఉర్దూ మాట్లాడే ఇళ్ళల్లో సంబంధం చూసేటప్పుడు "కుఫూ కుదరాలి" అంటారు. అరబ్బీలో దీన్ని కఫాఅత్ అంటారు. సమానత, సరిజోడు అని అర్థం. పెళ్ళికొడుకు పెళ్ళికూతురి కుటుంబానికి సరితూగాలి అనేది దీని సారం. ఏ విషయంలో సరితూగాలి అన్న దగ్గరే ధర్మశాస్త్ర పండితులు విడిపోయారు.

మదీనాలో ఉన్న ఇమాం మాలిక్ సంప్రదాయం దీన్ని ప్రధానంగా ధర్మనిష్ఠకి పరిమితం చేసింది. వంశం, వృత్తి దానిలో లెక్కకి రావు. కూఫా నగరంలో పుట్టిన హనఫీ సంప్రదాయం మాత్రం పెద్ద జాబితా ఇచ్చింది: వంశం, ఎన్ని తరాల నుంచి ముస్లిములు, బానిసత్వం ఉందా లేదా, దైవభక్తి, ఆస్తి, వృత్తి. భారత ఉపఖండంలో అధికసంఖ్యాక ముస్లిములు అనుసరించేది ఈ హనఫీ సంప్రదాయాన్నే.

ఒకే మతంలో రెండు నగరాలు ఇంత వేరుగా ఎందుకు ఆలోచించాయి? ఫర్హత్ జియాదె 1957లో రాసిన వ్యాసం ఈ ప్రశ్ననే వేసింది. మదీనాలో అరబ్బు సమాజం కొంత ఏకరూపంగా ఉండేది. కూఫాలో అరబ్బు తెగలు, కొత్తగా ముస్లిములైన పారశీకులు, విడుదలైన బానిసలు, రకరకాల వృత్తులవాళ్ళు కలిసి బతికేవాళ్ళు. పాత సాసానీ సామ్రాజ్యపు అంతస్తుల వాసన ఇంకా పోలేదు. ఎక్కువ తక్కువలు ఎదురెదురుగా నిలబడిన చోటే వాటికి చట్టం అవసరమైంది అని ఆయన వాదం. అంటే కుఫూ నియమాలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. అవి ఒక సమాజం తన నిచ్చెనని కాపాడుకోవడానికి రాసుకున్నవి. 1996లో మోనా సిద్దికీ హనఫీ గ్రంథాల మీద రాసిన వ్యాసం కూడా దీన్ని సామాజిక అదుపుకి సంబంధించిన విషయంగానే చూసింది.

12వ శతాబ్దంలో మర్గీనానీ రాసిన 'హిదాయా' హనఫీ చట్టానికి మూలస్తంభం లాంటి పుస్తకం. అందులో వృత్తి గురించి భిన్నాభిప్రాయాలున్నాయి. ఒక అభిప్రాయం ప్రకారం వృత్తిని పట్టించుకోనక్కర్లేదు, కానీ నెత్తురు తీసే హజాం, నేతగాడు, తోళ్ళు ఊనేవాడు లాంటి 'నీచ' వృత్తులైతే పట్టించుకోవాలి. ఈ మూడు పేర్లు చదివి మన మంగలి, సాలె, మాదిగ గుర్తుకి రాకుండా ఉంటారా? ఈ జాబితా రాసిన మర్గీనానీ మధ్య ఆసియావాడు. మన గ్రామ వ్యవస్థ చూసి రాసింది కాదిది. కాబట్టి "అంతా హిందువుల నుంచే వచ్చింది" అనేవాళ్ళు ఈ పేజీ దగ్గర ఆగి ఆలోచించాలి.

ఇంకో నియమం మతం మారినవాళ్ళకి నేరుగా తగిలేది. అరబ్బులు కానివాళ్ళ విషయంలో వంశం బదులు 'ఇస్లాంలో ఎన్ని తరాలు' అన్నది లెక్క. తానే కొత్తగా ముస్లిం అయినవాడు, తండ్రి, తాత కూడా ముస్లిములైన అమ్మాయికి సరిజోడు కాడు. కలిమా చదివిన రోజున మనిషి ముస్లిం అవుతాడు గానీ, సరిసమానుడు కావడానికి అతని మనవడి దాకా ఆగాలన్నమాట.

ఇందులో ఆడవాళ్ళ సంగతి వేరుగా గమనించాలి. కుఫూ షరతు పెళ్ళికొడుక్కే. మగవాడు తనకంటే తక్కువ ఇంటి అమ్మాయిని చేసుకుంటే అభ్యంతరం లేదు. హనఫీ చట్టం వయసొచ్చిన స్త్రీకి తన నికా తానే చేసుకునే హక్కు ఇచ్చింది. మాలికీలు అది ఇవ్వలేదు, వలీ, అంటే సంరక్షకుడు, తప్పనిసరి అన్నారు. కానీ హనఫీలు ఒక చేత్తో ఇచ్చినదాన్ని ఇంకో చేత్తో కట్టేశారు. ఆమె కుఫూ కానివాణ్ణి చేసుకుంటే వలీ ఖాజీ దగ్గరికెళ్ళి ఆ నికా రద్దు చేయమని అడగొచ్చు. అలాంటి నికా అసలు చెల్లనే చెల్లదని తర్వాతి పండితులు చాలామంది తీర్పిచ్చారు. ఆడదాని ఎంపికని కాపలా కాయకుండా అంతస్తు నిలబడదని అంబేడ్కర్ మనకి కులం గురించి చెప్పాడు. ఇక్కడా కనిపించేది ఆ కాపలాయే.

అయితే ఈ సంప్రదాయంలో ఎదురు గొంతులు కూడా మొదటి నుంచీ ఉన్నాయి. కూఫాలోనే ఉన్న సుఫ్యాన్ సౌరీ వంశాన్ని లెక్కలోకి తీసుకోలేదు. హనఫీ పండితుడైన కర్ఖీ కూడా కుఫూ నియమాన్ని ఒప్పుకోలేదు. మనుషుల్ని తెగలుగా చేసింది ఒకరినొకరు గుర్తుపట్టడానికే, గౌరవం దైవభీతిని బట్టే అని ఖురాను 49వ సూరా చెబుతుంది. బానిసత్వం నుంచి విడుదలైన జైద్ కి ప్రవక్త తన మేనత్త కూతురు జైనబ్ నిచ్చి చేశాడు. సంస్కర్తలు వీటినే ముందుకు తెచ్చారు. లూయీ మార్లో 1997లో అచ్చయిన తన పుస్తకంలో ఈ రెండు ధారల్నీ, అంటే సమానత్వాన్నీ అంతస్తునీ, పక్కపక్కన పెట్టి చూపింది. తొలి కాలపు సమానత్వ ఆదర్శం పూర్తిగా చచ్చిపోలేదు. కానీ రాజ్యాలు స్థిరపడేకొద్దీ దాని సామాజిక పదును మొద్దుబారింది.

చరిత్ర: చదువు చెప్పొద్దన్న బరనీ

14వ శతాబ్దపు ఢిల్లీ చరిత్రకారుడు జియాఉద్దీన్ బరనీ 'ఫతావా-ఎ-జహాందారీ' అనే రాజనీతి గ్రంథం రాశాడు. మహమ్మద్ హబీబ్, అఫ్సర్ బేగం దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. అందులో అతను సుల్తానుకి ఇచ్చే సలహా ఏమిటంటే, నీచజన్ములకి నమాజు, రోజా నియమాలు తప్ప చదవడం, రాయడం నేర్పనివ్వొద్దు అని. చదువొస్తే వాళ్ళు కొలువుల్లోకి వస్తారు, ఏలుబడిలోకి వస్తారు, లోకం తలకిందులవుతుంది అని అతని భయం. సీసం కరిగించి చెవిలో పొయ్యమన్న మన స్మృతికారులు అతనికి ఎంత దూరం?

కానీ చరిత్రకారులు బరనీని ఇంకో వైపు నుంచి కూడా చదువుతారు. అతని కోపం అంతా మహమ్మద్ బిన్ తుగ్లక్ మీద. ఆ సుల్తాను తోటమాలికి, నేతగాడికి, సారా అమ్మేవాడికి పెద్ద పదవులిచ్చాడని అతను పళ్ళు కొరుకుతాడు. వద్దు వద్దని ఎవరైనా అంతగా అరుస్తుంటే, అది జరుగుతోందనే కదా! పైకులం గ్రంథం కిందివాళ్ళ ఎదుగుదలకి సాక్ష్యం కూడా అవుతుంది. మన పురాణాల్ని చదివేటప్పుడూ ఈ పద్ధతి మనకి కావాలి.

వలస పాలన కాలానికి వస్తే, అంబేడ్కర్ పాకిస్తాన్ సమస్య మీద 1940లో రాసిన పుస్తకం మనకి ముఖ్యం. అందులో ఆయన 1901 బెంగాలు జనాభా లెక్కల నివేదిక తీసుకుని, ముస్లిములు అష్రాఫ్, అజ్లాఫ్, అర్జాల్ అని మూడుగా విడిపోయి ఉన్నారని చూపించాడు. అష్రాఫ్ అంటే సయ్యదు, షేకు, పఠాను, మొగలు అని చెప్పుకునే పైవాళ్ళు. అజ్లాఫ్ అంటే నేత, దూదేకుడు లాంటి చేతిపనులవాళ్ళు. అర్జాల్ అంటే పాకీపని లాంటివి చేసేవాళ్ళు. వాళ్ళని మసీదులోకి, శ్మశానంలోకి కూడా రానివ్వరని ఆ నివేదిక రాసింది.

స్వాతంత్ర్యం తర్వాత గౌస్ అన్సారీ 1960లో ఉత్తరప్రదేశ్ ముస్లిం కులాల మీద పుస్తకం తెచ్చాడు. ఫ్రెంచి పండితుడు లూయీ ద్యూమోఁ 1966లో ఇదంతా హిందూ పరిసరాల ప్రభావమేనన్నాడు. ఇంతియాజ్ అహ్మద్ సంపాదకత్వంలో 1973లో వచ్చిన సంపుటి చర్చని గ్రంథాల నుంచి ఊళ్ళోకి దింపింది. మతం ఏం చెబుతుందన్నది ఒకటి, ముస్లిములు ఎలా బతుకుతున్నారన్నది ఇంకొకటి, రెండోదాన్ని వెళ్ళి చూడండి అన్నది ఆ సంపుటి దారి.

అయితే పెద్ద కుదుపు విశ్వవిద్యాలయాల నుంచి రాలేదు. బీహారులో 1998లో పస్మాందా ముస్లిం మహాజ్ పుట్టింది. పస్మాందా అంటే వెనక వదిలేయబడ్డవాళ్ళు. దాని నాయకుడు, పత్రికా రచయిత అలీ అన్వర్ 2001లో 'మసావాత్ కీ జంగ్', అంటే సమానత్వ యుద్ధం, అనే పుస్తకం రాశాడు. 2007లో మసూద్ ఆలం ఫలాహీ ఉర్దూలో భారత ముస్లిములలో కులం మీద పెద్ద పుస్తకం తెచ్చాడు. మద్రసాలో చదువుకున్న మనిషి ఉలేమాల గ్రంథాలనే తిరగేసి చూపించడం వల్ల దాన్ని "బయటివాళ్ళ కుట్ర" అని తోసేయడం కుదరలేదు.

ఇంకో ముఖ్యమైన పని జోయెల్ లీ 2021లో అచ్చు వేసిన పుస్తకం. లక్నో సఫాయి కులాల మధ్య తిరిగి అతను చెప్పేదేమిటంటే, ఆ కులాలు 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల దాకా లాల్ బేగ్ అనే తమ సొంత గురువుని కొలిచేవి. ఆ ఆచారాల్లో ఇస్లామీ పోలికలు బలంగా ఉండేవి. వాళ్ళు తమని హిందువులమనుకోలేదు, పైకులం హిందువులూ వాళ్ళని తమవాళ్ళు అనుకోలేదు. ఆర్యసమాజం లాంటి సంస్థల ప్రచారం, తర్వాత రాజ్యం పెట్టిన నియమం కలిసి వాళ్ళని హిందువుల్ని చేశాయి. హోదా హిందువుకే అని రాస్తే, ఆకలిగొన్నవాడు హిందువుగానే పేరు రాయించుకుంటాడు. ఆ తర్వాత ఆ పేర్లు లెక్కపెట్టి "చూడండి, దళితులంతా హిందువులే" అంటారు!

చదువు: పాఠ్యపుస్తకంలో కుఫూ

నియమం పుస్తకంలో ఉంటే సరిపోదు, అది ఇంటికి చేరాలి. ఎలా చేరింది? ఒక దారి మద్రసా. 18వ శతాబ్దంలో లక్నో ఫిరంగీ మహల్ లో ముల్లా నిజాముద్దీన్ పేరుతో స్థిరపడ్డ దర్స్-ఎ-నిజామీ పాఠ్యక్రమంలో 'హిదాయా' ఉంది. 1866లో మొదలైన దేవబంద్ దాన్ని కొనసాగించింది. రెండో దారి కంపెనీ కచేరీ. చార్లెస్ హామిల్టన్ 1791లో 'హిదాయా'ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. తెల్లదొరల కోర్టులకి అదే 'మహమ్మదీయ చట్టం' అయింది. జీవించే వాదవివాదం కాస్తా గట్టిపడిన శాసనంగా మారింది.

మూడో దారి ఆడపిల్లల చదువు. 20వ శతాబ్దం మొదట్లో అష్రఫ్ అలీ థానవీ రాసిన 'బిహిష్తీ జేవర్' ఉర్దూ చదివే ఇళ్ళల్లో పెళ్ళికూతురికి కానుకగా ఇచ్చే పుస్తకం. బార్బరా మెట్కాఫ్ 1990లో దానిలో కొంత భాగాన్ని అనువదించి చర్చించింది. ఆడవాళ్ళకి చదువు కావాలని గట్టిగా చెప్పిన పుస్తకం అది. ఆ మేరకి అది ముందడుగే. కానీ అందులోనే కుఫూ పాఠం ఉంది. మొగలు, పఠానులు సయ్యదు, షేకులకి సరిజోడు కారని అది నేర్పుతుంది. నేతగాళ్ళ సంగతి ఇక చెప్పాలా? అక్షరం నేర్పిన పుస్తకమే అంతస్తునీ నేర్పింది.

1930లలో దేవబంద్ ముఫ్తీ మహమ్మద్ షఫీ వంశాల గురించి ఒక చిన్న పుస్తకం రాసినప్పుడు నేతపనివాళ్ళు, అంటే మోమిన్ అన్సారీలు, గట్టిగా తిరగబడ్డారు. అప్పటికే ఆసిం బిహారీ లాంటివాళ్ళు మోమిన్ కాన్ఫరెన్సుని నిలబెట్టి ఉన్నారు. నేతగాళ్ళ ఊరైన మవూలో పుట్టిన హదీసు పండితుడు హబీబుర్రహ్మాన్ ఆజమీ వంశం, కుఫూల ధార్మిక స్థానం ఏమిటో పరిశీలిస్తూ పుస్తకం రాశాడు. గ్రంథం చేతిలోకి వచ్చాక నేతగాడు దాన్ని తన కళ్ళతో చదివాడు. బరనీ భయపడింది సరిగ్గా దీనికే.

ఈనాటి బడి సంగతికొస్తే, సచార్ కమిటీ 2006లో రెండు ముఖ్యమైన లెక్కలు చెప్పింది. బడి వయసు ముస్లిం పిల్లల్లో మద్రసాలకి వెళ్ళేది దాదాపు 3 శాతమే. "ముస్లిములంటే మద్రసా" అనే ప్రచారం ఎంత వట్టిదో దీన్నిబట్టి తెలుస్తుంది. రెండు, 2004-05 జాతీయ నమూనా సర్వే ప్రకారం ముస్లిములలో 40.7 శాతం మంది తాము ఓబీసీలమని చెప్పుకున్నారు. ముస్లిములు ఒకే ముద్ద కాదు.

ఇక అంటరానితనం ఉందా? ప్రశాంత్ త్రివేది, మరికొందరు పరిశోధకులు ఉత్తరప్రదేశ్ లో 14 జిల్లాల్లో 7 వేలకు పైగా కుటుంబాలని అడిగి 2016లో ఫలితాలు ప్రచురించారు. పెళ్ళి విందుకి పిలవకపోవడం, పిలిచినా వేరే కూచోబెట్టడం, పైవాళ్ళు తిన్నాక పెట్టడం, శవాన్ని పైవాళ్ళ ఖబరస్తానులో పూడ్చనివ్వకపోవడం, ఇవన్నీ దళిత ముస్లిములు చెప్పారు. బళ్ళో తమ పిల్లల్ని వేరే వరసలో కూచోబెడుతున్నారని దాదాపు 8 శాతం మంది అన్నారు. మరి లేదన్నది ఏది?

మన జాబితాలు: ఒకే పేరు, రెండు చోట్ల

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం. తెలుగు ముస్లిములలో దూదేకులవాళ్ళు బీసీ-బి లో ఉన్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారని, ఉర్దూ సరిగా రాదని వాళ్ళని సాటి ముస్లిములే ఎగతాళి చేయడం మనందరికీ తెలుసు. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా వచ్చిన చట్టం బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషను ఇచ్చింది. అచ్చుకట్లవాళ్ళు, అత్తరు సాయిబులు, ధోబీ ముస్లిములు, ఫకీర్లు, గారడి సాయిబులు, హజాములు, ఖురేషీలు, సిద్దీలు, తురకకాశవాళ్ళు లాంటి సమూహాలు అందులో ఉన్నాయి. సయ్యదు, మొగలు, పఠాను లాంటి పైవాళ్ళని పేరుపెట్టి మినహాయించారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో దాన్ని నిలబెట్టింది. ఇది 'మతం పేరుతో రిజర్వేషను' అని అరిచేవాళ్ళు ఆ వృత్తుల పేర్లు ఒక్కసారి పైకి చదవాలి.

కానీ అసలు గాయం ఇంకో చోట ఉంది. మన షెడ్యూల్డు కులాల జాబితాలో మెహతర్ అనే పేరుంది, గోసంగి అనే పేరుంది. బీసీ జాబితాల్లో చూస్తే 'మెహతర్ ముస్లిం' ఉంది, 'గోసంగి ముస్లిం' ఉంది. అదే పేరు. పక్కన ఒక్క మాట చేరేసరికి జాబితా మారిపోయింది. దాంతోపాటు పోయేది కోటా శాతం ఒక్కటే కాదు. ఎవడైనా కులం పేరుతో తిట్టినా, కొట్టినా ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అతనికి వర్తించదు. రిజర్వుడు నియోజకవర్గంలో అతను నిలబడలేడు. షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవులైనవాళ్ళని 1 శాతంతో బీసీ-సి లో పెట్టింది కూడా ఈ లెక్క ప్రకారమే.

దీనికి మూలం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా. హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడని అది చెప్పింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. ఈ రెండు మతాలూ సిద్ధాంతంలో కులాన్ని ఒప్పుకోవు. అయినా చేర్చారు, ఎందుకంటే బతుకులో కులం పోలేదని ఒప్పుకున్నారు. ఆ న్యాయం ముస్లిముకీ క్రైస్తవుడికీ ఎందుకు వర్తించదు? మతం మారాక కూడా వివక్ష అంతే తీవ్రంగా ఉందని చూపించాలని 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు అంది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను ఆ మూడో పేరా తీసేయమంది. 2008లో సతీష్ దేశ్ పాండే, గీతికా బాప్నా జాతీయ మైనారిటీ కమిషను కోసం రాసిన నివేదిక, ఈ హోదా నిరాకరించడానికి సామాజిక శాస్త్రంలో బలమైన ఆధారం లేదని తేల్చింది. కేంద్రం మిశ్రా నివేదికని ఒప్పుకోకుండా 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మళ్ళీ ఇంకో కమిషను వేసింది. ఒక తరం పిల్లలు కమిషన్ల మధ్యలోనే పెద్దవాళ్ళయిపోయారు.

మనం ఏం చెయ్యాలి?

ఈ పరిశోధనని ముస్లిముల మీదికి కత్తిలా తిప్పేవాళ్ళు ఉన్నారు. పస్మాందాల మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చినవాళ్ళని ఒకే ప్రశ్న అడగాలి: మూడో పేరా తీసేస్తారా? తీయమంటే ఆ ప్రేమ ఎంతవరకో తెలిసిపోతుంది. మరోవైపు, మతం మీద దాడి జరుగుతున్నప్పుడు లోపలి కులం మాట ఎత్తొద్దనే ముస్లిం పెద్దలూ ఉన్నారు. స్వాతంత్ర్య పోరాటం నడుస్తుంటే అంటరానితనం మాట ఎత్తొద్దన్నవాళ్ళని మనం చూశాం. ఆ వాదన మనకి కొత్త కాదు. ఇంటికి నిప్పంటుకుంటే కలిసే ఆర్పుదాం. కానీ ఆర్పాక వరండాలో పడుకోబెడతామంటే ఒప్పుకోం.

మనకి రెండు పనులున్నాయి. ఒకటి, 'ఇస్లాంలో కులం ఉందా లేదా' అనే గ్రంథ చర్చలో ఇరుక్కోవద్దు. ఆ గ్రంథాల్లో సమానత్వమూ ఉంది, అంతస్తూ ఉంది. ఏది గెలుస్తుందన్నది ఏ కాలంలోనైనా కిందివాళ్ళ బలాన్ని బట్టే తేలింది. హోదా ఇవ్వాల్సింది బతుకుని చూసి. రెండు, ఆ బతుకుని మనమే రాయాలి. ఉత్తరప్రదేశ్ లాంటి సర్వే మన జిల్లాల్లో కావాలి. మెహతర్, గోసంగి, ఫకీరు, హజాం ఇళ్ళకి వెళ్ళి అడగాల్సిన ప్రశ్నలు పెద్దవేం కావు. పెళ్ళికి ఎవరు పిలుస్తారు? పిల్లనెవరిస్తారు? శవాన్ని ఎక్కడ పూడుస్తారు? బళ్ళో పిల్ల ఎక్కడ కూచుంటుంది? ఉపాధ్యాయులు, విద్యార్థులు తలుచుకుంటే ఒక వేసవి సెలవుల్లో ఒక మండలం పూర్తవుతుంది. కోర్టు అడిగిన సాక్ష్యం ఆ ఇళ్ళల్లోనే ఉంది.